అమ్మానాన్నలతో బొర్రొమేయో దీవులకు

మిలాన్‌లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు ఊరి నుంచి పెద్దవాళ్లొస్తే చూపించే చోట్లు దాదాపు ఒకటే. దువోమో చర్చి, కోమో సరస్సు, వెనిస్, వీలైతే రోమ్. అమలాపురం వైపు మా లంక ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ వరస మార్చాలనిపించింది. కోమో కన్నా ముందు మజ్జోరె సరస్సుకు, అందులోని బొర్రొమేయో దీవులకు తీసుకెళ్లాలనుకున్నాను. కారణం నాన్న. ఆయన పుట్టి పెరిగిందీ, సేద్యం చేసిందీ గోదావరి పాయల మధ్యే. చుట్టూ నీళ్లున్న చోట మట్టినీ చెట్టునూ కాపాడుకోవడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట ఉత్తి బండరాయిని తోటగా మార్చిన దీవిని చూస్తే ఆయన ఏమంటారో వినాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

మజ్జోరె ఇటలీలో గార్డా తర్వాత అంత పెద్ద సరస్సు. 212 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం కొస స్విట్జర్లాండ్‌లోకి వెళ్లిపోతుంది. పడమటి ఒడ్డున స్ట్రేసా అనే చిన్న ఊరు, దానికి ఎదురుగా నీళ్లలో ఈ దీవులు. చూడదగ్గవి మూడు. మహలు, అంతస్తుల తోట ఉన్న ఇసోలా బెల్లా. అన్నిటికన్నా పెద్దది, చెట్ల తోటకు పేరున్న ఇసోలా మాద్రే. జాలర్ల ఊరైన ఇసోలా పెస్కతోరి. మొదటి రెండూ ఇప్పటికీ బొర్రొమేయో వంశం వాళ్లవే. మూడోది మాత్రం మామూలు జనం ఉండే ఊరు.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఏం చూడాలన్న దానికన్నా ఏది ముందు చూడాలన్నదే అసలు ప్రశ్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా పాప రెండో తరగతి. ఎక్కువసేపు ఒకచోట నిలబడదు. చలికాలంలో మహళ్లూ తోటలూ మూసేస్తారు కాబట్టి వసంతం నుంచి శరత్కాలం లోపే వెళ్లాలి. అందులోనూ మే నెల ఎంచుకున్నాం. అజేలియాలు, రోడోడెండ్రాన్లు పూసే కాలం. ఎండ ఉంటుంది కానీ మండదు. ఆదివారం వద్దని మా ఆయన ఒక రోజు సెలవు పెట్టారు. రెండు దీవుల మహళ్లకూ తోటలకూ కలిపి ఇచ్చే టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నాం. పడవ టికెట్ వేరే.

ముందు రోజు రాత్రి అమ్మ పులిహోర కలిపింది. నేను పెరుగన్నం డబ్బా సర్దాను. "అక్కడ హోటళ్లుంటాయమ్మా" అంటే, "ఉంటే ఉండనీ, మనది మనకుండాలి" అంది.

మిలాన్ చెంత్రాలే స్టేషన్ నుంచి దొమొదొస్సోలా వైపు వెళ్లే రైలు ఎక్కితే స్ట్రేసాకు సుమారు గంట. అన్ని స్టేషన్లలో ఆగే రైలైతే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. సెస్తో కలేందే దగ్గర తిచీనో నది దాటగానే నాన్న లేచి కిటికీకి అంటుకుపోయారు. ఈ నది సరస్సులోకి ఉత్తరాన దిగి, దక్షిణాన మళ్లీ బయటికొచ్చి పో నదిలో కలుస్తుంది. ఆ తర్వాతి పెద్ద ఊరు అరోనా. మిలాన్ ఆర్చ్‌బిషప్‌గా ఉండి తర్వాత సెయింట్ అయిన కార్లో బొర్రొమేయో 1538లో పుట్టింది అక్కడే. ఆ ఊరి గుట్ట మీద ఆయన రాగిరేకుల విగ్రహం ఉంది. 1698లో పూర్తయింది, పీఠంతో కలిపి 35 మీటర్లు. దీవుల యజమానులు ఆ వంశం వాళ్లేనని చెబితే అమ్మకు సంగతి చప్పున అందింది. "అయితే దేవుడి మనుషుల ఇల్లన్నమాట" అంది.

స్ట్రేసా స్టేషన్ నుంచి సరస్సు ఒడ్డుకు నడక దూరమే, అంతా దిగుడు. సాయంత్రం ఆ దారంతా ఎక్కాలని గుర్తుంచుకోండి.

రేవులో రెండు రకాల లాంచీలుంటాయి. ఒకటి ప్రభుత్వం నడిపేది. దానికి టైం టేబుల్ ఉంటుంది, దీవి దీవికీ దిగి ఎక్కే రోజు టికెట్ దొరుకుతుంది. రెండోది ప్రైవేటు మోటారు బోట్లు. రేవులోకి అడుగు పెట్టేసరికే వాళ్లు చుట్టూ చేరతారు. మోసమేమీ కాదు, త్వరగానే తీసుకెళ్తారు. అయితే ఎవరి దగ్గర టికెట్ కొంటే వాళ్ల బోటే ఎక్కాలి. పెద్దవాళ్లు ఒకచోట ఎంతసేపు కూర్చుంటారో ముందే చెప్పలేం కాబట్టి నాకు ప్రభుత్వ లాంచీయే మేలనిపించింది. ఎక్కే పలక వెడల్పుగా ఉంటుంది, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది, పనివాళ్లు చెయ్యి అందిస్తారు. అమ్మ లోపల కూర్చుంది. నాన్న మాత్రం ముందు భాగాన గాలికి నిలబడి, కట్టే తాళ్లనీ, మలుపు తిప్పే తీరునీ చూస్తూ ఉండిపోయారు. కోటిపల్లి రేవులో ఎన్నేళ్లు పంటు దాటారో ఆయన!

లాంచీ ముందు ఇసోలా బెల్లా దగ్గర ఆగుతుంది. జనమంతా అక్కడే దిగుతారు, గ్రూపులన్నీ అక్కడే మొదలుపెడతాయి. మేం దిగలేదు. పెస్కతోరి, బవేనో దాటి నేరుగా మాద్రేకు వెళ్లాం. బెల్లాలో మెట్లెక్కువ, మాద్రేలో దారులు వాలుగా ఉంటాయి. పొద్దున్నే అమ్మ మోకాళ్లను మెట్లతో అలసగొడితే మిగతా రోజంతా పోతుంది. పైగా బెల్లా మహలు కింది గదులు చల్లగా ఉంటాయని తెలుసు, అవి మధ్యాహ్నం ఎండకు దాచుకున్నాం. ఈ వరస మాకు చాలా కలిసొచ్చింది.

బవేనో దగ్గర కొండకు లేత గులాబీ రంగు గాట్లు కనబడతాయి. గ్రానైట్ తవ్విన చోట్లు. దానికి ఇంకాస్త లోపల, తోచే నది లోయలో, కందోల్యా పాలరాతి గని ఉంది. మిలాన్ దువోమోకు పాలరాయి అక్కడిదే. పద్నాలుగో శతాబ్దం చివర్లో పని మొదలైనప్పటి నుంచి ఆ బండల్ని పడవల మీద ఈ సరస్సులోకి దింపి, తిచీనో నదిలో, అక్కడి నుంచి నవిల్యో గ్రాందే కాలువలో మిలాన్ దాకా తెచ్చారు. ఆ కాలువ గట్టున కిందటి వారమే అమ్మానాన్నల్ని తిప్పాం. "అంత గుడికి రాయంతా నీళ్ల మీదే వచ్చిందా!" అని అమ్మ నోరు తెరిచింది. "నీళ్లుండగా బండ్లెందుకు" అన్నారు నాన్న. మా ఊళ్లో ఇటుక, ఇసుక, కొబ్బరికాయలు అన్నీ పడవల మీద వచ్చిపోయిన రోజులు ఆయన చూసినవే.

మాద్రేలో దిగగానే ఊళ్లో మాదిరి సందడి ఉండదు. చెట్లూ పక్షులే. ఇక్కడ పదహారో శతాబ్దం మొదట్లోనే నిమ్మజాతి చెట్లు నాటారు. ఇప్పుడున్న తోట పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్ పద్ధతిలో దిద్దింది, దాదాపు ఎనిమిది హెక్టార్లు. ఆల్ప్స్ కొండలు అంత దగ్గరున్నా అరటి, తాటిజాతి మొక్కలు బతుకుతున్నాయంటే సరస్సు వల్లే. అంత నీరు ఎండాకాలం వేడిని పట్టి ఉంచి, చలికాలంలో మెల్లగా వదులుతుంది. ఇక్కడి మట్టిలో సున్నం తక్కువ, పులుపు ఎక్కువ. అందుకే కమేలియాలు, అజేలియాలు ఇంత ఏపుగా ఉంటాయి. నాన్న వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఆకు కుళ్లు బాగా వేస్తున్నారు" అన్నారు.

పచ్చిక మీద తెల్ల నెమళ్లు తిరుగుతుంటాయి. పాప ముందు అవి నెమళ్లంటే నమ్మలేదు. వాటిలో ఒకటి తోక విప్పింది. ఈకల మీద కన్ను గుర్తులు ఉన్నాయి కానీ రంగు లేదు, నీడలా ఆనవాలు మాత్రం తెలుస్తోంది. కళ్లు మాత్రం నల్లగానే ఉన్నాయి. అల్బినో అయితే కళ్లకు కూడా రంగుండదు, ఇవి వేరే రకం. "సుబ్రహ్మణ్యేశ్వరుడి వాహనం ఇంత దూరం వచ్చిందా" అని అమ్మ దణ్ణం పెట్టుకుంది.

మహలు ముందున్న చిన్న ఆవరణలో నాన్న ఆగిపోయారు. అక్కడ ఒక కాశ్మీర్ సైప్రస్ చెట్టుంది. నీలం బూడిద కలిసిన రంగు ఆకులు, దారాల్లా కిందికి వేలాడుతుంటాయి. 1862లో హిమాలయాల నుంచి వచ్చిన విత్తనాల నుంచి పెంచింది. పేరు కాశ్మీర్‌ది కానీ ఆ జాతి సహజంగా పెరిగేది భూటాన్‌లో, మన అరుణాచల్ ప్రదేశ్‌లో. 2006 వేసవిలో ఒక సుడిగాలికి ఈ చెట్టు వేళ్లతో సహా లేచి పడిపోయింది. కొట్టేసి కట్టెలు చేయలేదు. క్రేన్లు తెప్పించి నిలబెట్టారు, ఉక్కు తాళ్లు కట్టి పట్టి ఉంచారు, వేళ్లు మళ్లీ పట్టుకునేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఆ తాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మాను పైభాగం నుంచి పక్కలకు దిగి నేలలోకి బిగించి ఉన్నాయి.

నేనిదంతా చెబుతుంటే నాన్న ఏమీ మాట్లాడలేదు. ఒక్కో తాడునూ పై నుంచి కింద దాకా చూశారు, చెట్టు చుట్టూ తిరిగి రెండో వైపు నుంచి కూడా చూశారు. 1996 నవంబరు తుఫానుకు మా తోటలో కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. నాకు ఆ పొద్దు గుర్తుంది. గుమ్మంలోంచి చూస్తే అంతకుముందెన్నడూ కనబడని గోదావరి గట్టు కనబడింది. కోనసీమంతా అలాగే ఉంది. పడ్డవాటిని ఎత్తే వాళ్లేరి, ఎత్తినా నిలబెట్టేదెలా? మొద్దులుగా కోయించి, మళ్లీ మొక్కలు పెట్టుకుని, కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ సంగతి నాన్న ఇంట్లో ఎప్పుడూ ఎత్తరు. ఇక్కడ మా ఆయనతో చెప్పారు. "అల్లుడుగారూ, మా పెరటి చెట్టొకటి ఇలాగే సగం వేళ్ల మీద వాలి ఉండిపోయింది. తాడు కట్టి చూశాను. మూడో నెలకు మొవ్వు ఎండిపోయింది." నేను ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత మహలు లోపలికి వెళ్లాం. పాపకు నచ్చింది బొమ్మలాటల గది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల తీగ బొమ్మలు, వాటికి కట్టిన చిన్న రంగస్థలాలు. తెరలు వేసిన అలెస్సాంద్రో సాంక్విరికో మిలాన్ లా స్కాలా ఒపేరాకు తెరలు వేసినవాడే. ఒక రంగస్థలంలో నరకం దృశ్యం. దెయ్యాలు, అస్థిపంజరాలు. పాప అమ్మమ్మ చీర కొంగు పట్టుకుని, కదలకుండా చూసింది. మాధవపట్నం తోలుబొమ్మల గురించి అమ్మ దానికి అక్కడే చెప్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి పెస్కతోరి చేరాం. మూడింటిలోనూ ఏడాది పొడుగునా జనం కాపురముండేది ఈ దీవిలోనే, వాళ్లూ కొద్దిమందే. పొడవు మూడు వందల యాభై మీటర్ల లోపు. ఇరుకు సందులు, సాన్ విత్తోరే చర్చి, పొడవాటి వసారాలున్న పాత ఇళ్లు. ఆ వసారాల్లో పూర్వం చేపలు ఎండబెట్టేవాళ్లు. ఏటా ఆగస్టు 15న మరియమాత విగ్రహాన్ని పడవలో పెట్టి దీవుల చుట్టూ ఊరేగిస్తారు. మన తెప్పోత్సవం చూసినవాళ్లకు ఆ రోజు వెళ్లాలనిపిస్తుంది, కానీ పెద్దవాళ్లతో ఆ రద్దీలో వద్దు.

దీవి కొసన నీళ్ల పక్కన అమ్మ, పాప, నేను పులిహోర తిన్నాం. నాన్న, మా ఆయన పక్కనే హోటల్లో కూర్చుని పేర్చ్ చేప తెప్పించుకున్నారు. ముళ్లు తీసిన చిన్న ముక్కలు, వెన్నలో వేయించి ఇస్తారు. నాన్న తిని, "చేప తాజాది. ఉప్పు, నిమ్మకాయ తప్ప ఏమీ లేదు, అయినా బాగుంది" అన్నారు. పులస తినే మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

ఆయన చూపు మాత్రం గోడల మీదే. నీటి మట్టానికి ఇళ్లు ఇంత దగ్గరుంటే వరదొస్తే ఎలా అని అడిగారు. మా ఆయన అదే ఇటాలియన్‌లో వడ్డించే అతన్ని అడిగారు. శరత్కాలపు వానలకు సరస్సు పొంగుతుందట. 2000 అక్టోబరులో నీళ్లు లోపలికొచ్చాయని చెప్పాడు. లెక్కల్లో ఉన్న వాటిలో అన్నిటికన్నా పెద్ద వరద 1868 నాటిది. "ఎక్కడికీ పోలేదా మీరు?" అని నాన్న అడిగితే, అతను నవ్వి మేడ మీదికి చెయ్యి చూపించాడు. నాన్న కూడా నవ్వారు. ఆ ఇద్దరికీ ఇక మా ఆయన అవసరం లేకపోయింది.

చివరికి ఇసోలా బెల్లా. 1632లో కార్లో మూడో బొర్రొమేయో ఇక్కడ మహలు కట్టించడం మొదలుపెట్టేనాటికి ఇది బండరాయి, దాని మీద జాలర్ల గుడిసెలు. భార్య ఇజబెల్లా పేరు దీవికి పెట్టాడు, అదే వాడుకలో బెల్లా అయింది. పని నిజంగా సాగింది తర్వాతి తరంలో, విటాలియానో ఆరో బొర్రొమేయో కాలంలో. తోట 1671కి తయారైంది. మహల్లో పెద్ద సభామండపం మాత్రం పూర్తయ్యేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. 1797లో నెపోలియన్ భార్యతో వచ్చి దిగిన గది చూపిస్తారు. 1935 ఏప్రిల్‌లో ముస్సోలినీ, ఫ్రాన్స్ తరఫున లవాల్, బ్రిటన్ ప్రధాని మెక్‌డొనాల్డ్ కూర్చుని హిట్లర్‌కు ఎదురు ఒప్పందం చేసుకున్న గది కూడా ఉంది. అది కొన్ని నెలలు కూడా నిలవలేదు. మా ఆయన ఆ గదిలోంచి ఎంతకీ రాలేదు. నాకు మాత్రం పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ నేత తెరలే బాగా నచ్చాయి.

కింది అంతస్తులో ఆరు గుహ గదులున్నాయి. గోడలు, పైకప్పు, నేల అంతా నల్లవీ తెల్లవీ గులకరాళ్లతో పొదిగారు. నీటి మట్టానికి దగ్గరగా ఉండటంతో బయట ఎంత ఎండున్నా లోపల చల్లగా ఉంటుంది, అప్పటివాళ్లు వేసవిలో అందుకోసమే కట్టుకున్నారు. అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది. ఆ గోడల మీద ఒక్కో రాయీ ఒక మనిషి చేత్తో అద్దింది.

అక్కడి నుంచి తోటలోకి వెళ్లగానే రెండు వందల ఏళ్లు దాటిన కర్పూరం చెట్టు. కొమ్మలు ఎంత దూరం పాకాయో! అదేం చెట్టో నేను చెప్పకుండా, కింద రాలిన ఒక ఆకు తీసి అమ్మకిచ్చి నలపమన్నాను. నలిపి వాసన చూసి, "హారతి!" అంది. జీవితమంతా రోజూ వెలిగించిన కర్పూరం చెట్టు నుంచి వస్తుందని తెలుసు కానీ ఆ చెట్టు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. దాల్చినచెక్క జాతిదే, అసలు ఊరు చైనా, జపాన్ వైపు. ఇంకో ఆకు తీసి పర్సులో దాచుకుంది. చెట్టు మీదివి కోయకూడదు కానీ రాలినవి చాలానే ఉంటాయి.

ఆపైన పది అంతస్తుల తోట, శిఖరాన బొర్రొమేయో వంశ చిహ్నమైన ఒంటికొమ్ము గుర్రం. అమ్మ, పాప కింద బల్ల మీద ఉండిపోయారు. నాన్నతో పాటు నేను పై దాకా ఎక్కాను. ఈ మట్టంతా పడవల్లో తెచ్చి పోసిందేనని చెప్పాను. ఆయన కింద సరస్సు వైపు, మళ్లీ పైన గోడల వైపు చూసి, "పోయడం గొప్ప కాదమ్మా, కూలీలు పోస్తారు. వానకు జారకుండా నిలబెట్టారు చూడు, అదీ పని" అన్నారు. తర్వాత ప్రతి అంతస్తు గోడకూ నీళ్లు పోయే తూములు వెతికి నాకు చూపించారు. నేను ఇంతకుముందు వచ్చినప్పుడు వాటిని గమనించనే లేదు. పూలూ విగ్రహాలే చూశాను.

సాయంత్రం లాంచీల మధ్య ఎడం పెరుగుతుంది. దిగగానే చివరి లాంచీ టైం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. మేం దానికన్నా ముందుదే పట్టుకుని, స్ట్రేసాలో స్టేషన్ దాకా అమ్మను, పాపను టాక్సీలో పంపాం.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే మూడూ చూడాలని పట్టుపట్టకండి. మాద్రే, పెస్కతోరి చాలు, హాయిగా సరిపోతాయి. మెట్లెక్కగలిగినవాళ్లయితే బెల్లా వదలొద్దు. సమయం ఒక్కదానికే ఉంటే నేను మాద్రే అంటాను. మా ఆయన బెల్లా అంటారు.